రెండో అంతస్తు తాళంచెవి

జూలై 4

కోడలికి,

ఆశీర్వాదం మొదటే రాసేస్తున్నాను. ఉత్తరం చివరికి వచ్చేసరికి ఆ మనసు ఉండకపోవచ్చు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నేను పది మాటలు చెబితే నువ్వు "ఊఁ" అంటావు. ఆ "ఊఁ"కి రేపు సాక్ష్యం ఉండదు. ఉద్యోగమంతా ఆడిటాఫీసులో చేసినదాన్ని. కాగితం మీద లేనిది నా లెక్కలో జరగనట్టే.

ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నీ కూతురి బడినుంచి నిన్న ఒక చీటీ వచ్చింది. "మీ పాపకు శరీర కదలికల సమన్వయంలో ఇబ్బంది ఉన్నట్టు గమనించాం. వారానికి మూడు రోజులు, బడి మొదలయ్యే ముందు, ప్రత్యేక వ్యాయామ తరగతికి పంపండి. తల్లి గాని తండ్రి గాని సంతకం చెయ్యాలి" అని. చీటీ దీనితో జతపరిచాను.

శరీర కదలికల సమన్వయంలో ఇబ్బంది! మా రోజుల్లో దీన్ని ఒళ్లు దగ్గర పెట్టుకోకపోవడం అనేవాళ్లు. రెండు మొట్టికాయలతో కుదిరేది. ఇప్పుడు దానికి చీటీ, తరగతి, ఒక టీచరు, ఆవిడకో జీతం.

జూన్ నెల ఖాతా ఇది. విరిగినవి: మంచినీళ్ల గ్లాసు, అద్దం స్టాండు, కింది వాటా ఆయన పూలకుండీ. ఒలికినవి రాయను, సిరా అయిపోతుంది. నీ కూతురు చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెడితే ఆలోగా నేను కాఫీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లిస్తాను. బూటు లేసులు నేనే కడుతున్నాను. నాలుగో తరగతి పిల్లకి! బడి గంట దీనికోసం ఆగదు కదా.

ఇక తాళంచెవి. నువ్వెరిగిందే అయినా రాస్తాను, కాగితం మీద ఉండాలి. కింద మెట్ల తలుపుకి తాళం ఉంటుంది. నా మోకాళ్లు రెండంతస్తులు దిగవు. అందుకని ఎవరొచ్చినా బాల్కనీ నుంచి తాళంచెవిని గుడ్డసంచిలో పెట్టి విసురుతాను. పేపరతను పట్టుకుంటాడు. కుళాయిలు బాగుచేసేవాడు నోట్లో చుట్ట తియ్యకుండా ఒంటిచేత్తో పట్టుకుంటాడు. నీ కూతురు మాత్రం రెండు చేతులూ చాచి, రెండు కళ్లూ మూసుకుని నిలబడుతుంది. సంచి మురిక్కాలవలో పడుతుంది. "జాగ్రత్త! జాగ్రత్త!" అని నేను అరుస్తూనే ఉంటాను. వీధంతా జాగ్రత్తపడుతుంది, అది తప్ప.

గెంతితే బుద్ధి వచ్చేటట్టయితే కోతులు ఎప్పుడో పట్టభద్రులయ్యేవి. సంతకం పెట్టకు. ఈ బొంగరానికి, అదే నీ కూతురికి, కావలసింది శ్రద్ధ, వ్యాయామం కాదు.

అత్తయ్య

తా.క. ఇది మావాడికి చదివి వినిపించు. తనంతట తాను చదివే అలవాటు వాడికి లేదు.


జూలై 13

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా వంతెన సైటుకి సిమెంటు లారీలో వచ్చింది. పైన తడిసింది గానీ లోపలి వేడి ఏమీ తగ్గలేదు.

ఇక్కడ వానలు. నది పొంగి వంతెన పని రెండు రోజులు ఆగింది. మీ అబ్బాయి కాంక్రీటు ఆరలేదని దిగులుగా ఉన్నారు. కొలతల పరికరానికి గొడుగు పట్టి, నేను తడుస్తున్నాను.

కోప్పడకండి అత్తయ్యా, సంతకం పెట్టాను. చీటీ ఇందులోనే ఉంది. ఆ వ్యాయామం టీచరు నాకు విడిగా కూడా రాసింది. పిల్లకి తెలివితక్కువ కాదట, బద్ధకమూ కాదట. ఏం చెయ్యాలో దానికి తెలుసు, ఆ తెలిసింది చేతులకీ కాళ్లకీ చేరే దారిలోనే తికమకట. ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, మళ్లీ మళ్లీ చేయిస్తే ఆ దారి కాస్త కాస్త చదునవుతుందట. ఇక్కడ స్తంభం ఒక పక్కకి ఒరిగితే దానికి శ్రద్ధ లేదని మేం తిట్టం. కింద నేల ఎలా ఉందో చూస్తాం.

ఇంకొకటి. ఆయన చెప్పొద్దన్నారు గానీ చెబుతున్నాను. మీ అబ్బాయి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లేసులున్న బూట్లు వేసుకోవడం నేను చూడలేదు. సైటులో లేసుల బూట్లే వేసుకోవాలని నియమం. ఈయన చెప్పులు కుట్టేవాడి చేత లేసులు పీకించి ఎలాస్టిక్ కుట్టించుకున్నారు. మీరెప్పుడైనా గమనించారా?

దాన్ని బొంగరం అని పిలవకండి. బడిలో వింటే పిల్లలు పట్టుకుంటారు.

మీ కోడలు


జూలై 24

కోడలికి,

నీ సంతకం అందింది. నా మాట కన్నా సిమెంటు లారీలో వచ్చిన కాగితానికి బరువెక్కువని తెలిసింది. సంతోషం.

ముందు మావాడి సంగతి తేల్చేస్తాను. వాడికి లేసులు కట్టుకోవడం రాదని ఎవరన్నారు? బడికి వెళ్లినన్నాళ్లూ వాడి బూట్లు చూసి మిగతా తల్లులు సిగ్గుపడేవాళ్లు. నా చేత్తో వేసిన ముడి ఒక్కనాడూ ఊడలేదు. ఎలాస్టిక్ కుట్టించుకున్నాడంటే అది సోమరితనం. పెళ్లయ్యాక వచ్చింది.

బొంగరాన్ని బొంగరం అనే పిలుస్తాను. బొంగరం పడిపోయేది తిరగడం ఆపినప్పుడు. ఇది ఆగదు, అయినా పడుతుంది. అదీ తేడా.

సంతకం పెట్టావు కాబట్టి పంపుతున్నాను. ఏం నేర్పుతారో కళ్లారా చూద్దామని సోమవారం రిక్షాలో నేనూ వెళ్లాను. హాల్లో ఒక మూల. గోడకి ఆనించిన విరిగిన బల్లలు, కిటికీకి ఒక రెక్క లేదు. ఎనిమిదిమంది పిల్లలు. నేల మీద ఒక మోకు పరిచారు, దానిమీద నడవాలి. గాల్లో కట్టింది కాదు, నేలమీద పడి ఉన్నది! ఇంకోపక్క గింజలు కుట్టిన గుడ్డసంచులు ఒకరి మీదకి ఒకరు విసురుకోవడం. ఇద్దరు పిల్లలు ఎదురుబొదురుగా కూర్చుని అరికాలికి అరికాలు ఆనించి తోసుకుంటున్నారు. దీనికి నడుము గట్టిపడుతుందట. జనం ఇంట్లో ఊరికే చేసే కొట్లాటకి ఇక్కడ టైంటేబులు.

టీచరు చిన్నపిల్ల. మెడలో ఈల. ఈలమ్మ అని పేరు పెట్టాను. కానీ ఒక్కసారీ ఊదలేదు. ఎందుకమ్మా వేలాడదీసుకున్నావని అడిగితే, "ఊదితే వీళ్లు ఉలిక్కిపడి పడిపోతారండీ. స్కూలు వాళ్లు వేసుకోమన్నారు, వేసుకున్నాను" అంది. ఊదని ఈల, ఎక్కడానికి లేని మోకు. బాగుంది.

"ఎవరు ముందు చేరతారో పందెం పెట్టవేం?" అన్నాను.

"పందెం పెడితే ఎవరు వెనకబడతారో వీళ్లకి ముందే తెలుసండీ. ఆ పాఠం ఆటస్థలంలో రోజూ అవుతోంది. ఇక్కడ ఎవరికి వాళ్లు ఒక పని ఎంచుకుంటారు. అది వచ్చేదాకా దాన్నే ముక్కలుగా చేస్తాం."

"మాది ఏమెంచుకుంది? సైకిలా?"

ఈలమ్మ కాస్త తటపటాయించింది. "నానమ్మ విసిరే తాళంచెవి పట్టుకోవాలి అందండీ."

విన్నావా? ఇంటి గుట్టు బడికెక్కింది. అంతటితో ఆగలేదు. "సంచి అంటే భయమా?" అని అడిగితే, "సంచి కాదు, నానమ్మ 'జాగ్రత్త' అంటే భయం" అందట నీ కూతురు. పూటపూటా దాని కాళ్ల దగ్గర కూర్చుని లేసులు కడుతున్నందుకు నాకు దక్కిన ప్రశంసాపత్రం ఇది.

కొత్త చీపురుకి తుడుపెక్కువ. నాలుగు వారాలు పోతే ఈలమ్మే మానేస్తుంది.

అత్తయ్య


ఆగస్టు 6

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

"నానమ్మ అంటే భయం" అని పిల్ల బయటివాళ్లతో చెప్పుకునేదాకా వచ్చిందంటే, తప్పు మీది అనను. దాన్ని అక్కడ వదిలి వంతెనలు కొలుస్తున్న నాది. మీకు ఈ వయసులో పొద్దున్నే లేసులూ గుండీలూ రిక్షాలూ, పైగా ఇష్టంలేని తరగతి. మేం మీ మీద మోపింది చాలా పెద్ద బరువు. మీరు మర్యాదకి "సంతోషం" అని రాస్తుంటే నాకు తెలియకపోలేదు.

సైటులో పనివాళ్ల పిల్లలకి రేకుల షెడ్డులో ఒక బడి ఉంది. ఒకే గది, ఒకే టీచరు. వ్యాయామ తరగతి లాంటివేం లేవు. కానీ అమ్మా నాన్నా ఉంటారు. ఈ నెలాఖరుకి దాన్ని ఇక్కడికి తెచ్చేసుకుందామని మీ అబ్బాయీ నేనూ అనుకుంటున్నాం. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "అమ్మ 'జాగ్రత్త' అంటే నాకూ భయమే" అన్నారు, అంతే.

మీ అభిప్రాయం రాయండి.

కోడలు


ఆగస్టు 8

కోడలికి,

నీనుంచి జవాబు ఇంకా రాలేదు. సిమెంటు లారీ బురదలో దిగబడి ఉంటుంది. రాసేదాకా ఆగడం నాకు చేతకాదు కాబట్టి జూలై నెల ముగింపు రాస్తున్నాను.

ఆ ఈలమ్మ ఇంటికే వచ్చింది. పైనుంచి తాళంచెవి విసిరితే చూడకుండానే పట్టేసింది. మెట్లెక్కి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నాకే పాఠం చెప్పింది. "రెండో అంతస్తునుంచి విసిరితే ఎలాగండీ? అక్షరాలు రాని పిల్లకి కావ్యం ఇచ్చినట్టు ఉంటుంది. ముందు మీరు కిందికి దిగి ఎదురుగా నిలబడి వెయ్యండి. అది కుదిరాక ఒక మెట్టెక్కండి. 'జాగ్రత్త' అనకండి. అది వినగానే చేతులు ముందే ముడుచుకుపోతాయి. 'ఇదిగో' అనండి, అది మీవైపు చూసేదాకా ఆగండి, అప్పుడు వెయ్యండి."

"నేను దిగాలా? నా మోకాళ్లు చూశావా?" అన్నాను.

"మీకూ మంచిదేనండీ" అంది.

ముక్కుపచ్చలారని పిల్ల. ఏం ధైర్యం!

సరే, ఈ తతంగం ఎంత దండగో రుజువు చెయ్యాలంటే చేసే చూపించాలి కదా. చేస్తున్నాను. సాయంత్రం అది బడినుంచి వచ్చేవేళకి కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాను. "నానమ్మా, కాలు పూర్తిగా పెట్టాక రెండోది తియ్యి, తొందరేం లేదు" అని తలుపు బయటనుంచి నాకు ఉపదేశం. ఎక్కడ నేర్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఎదురుగా నిలబడి "ఇదిగో" అంటాను. అది నా మొహం చూడాలి, సంచి చూడాలి, మళ్లీ నా మొహం చూడాలి. అప్పుడు వేస్తాను. ఎదురుగా అయితే రెండు మూడు వేస్తే ఒకటి పట్టింది. ఒక మెట్టు ఎక్కేసరికి మళ్లీ కళ్లు మూసింది.

కింది వాటా ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని మరీ చూస్తున్నాడు. "ఏంటండీ, ముసలితనంలో క్రికెట్టా?" అన్నాడు. "మీరు లేచి ఆ తలుపు గొళ్లెం ఒక్కచేత్తో తియ్యండి, మిమ్మల్నీ టీములో వేసుకుంటాను" అన్నాను. కుర్చీ లోపలికి పోయింది.

పొద్దున్న గుండీలు దానికే వదిలేశాను. అందుకోసం ఇంటిల్లిపాదీ, అంటే నేను, ముందే లేవాలి. గుండీలు కింద నుంచి పైకి పెట్టమని ఈలమ్మ చెప్పిందట, కింద అయితే కంటికి కనిపిస్తాయని. ఇంత చిన్న సంగతి చెప్పడానికి చదువు కావాలా?

జూలై మొత్తానికి రెండో అంతస్తు తాళంచెవి ఒక్కసారీ పట్టలేదు. ఫలితం: శూన్యం.

అత్తయ్య


ఆగస్టు 19

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఎనిమిదో తారీకు ఉత్తరమూ, హెడ్మాస్టరుగారి ఉత్తరమూ ఒకే లారీలో వచ్చాయి. నా ఆరో తారీకుది మీకు ఈపాటికి అందే ఉంటుంది.

ఆటల పోటీల రోజు దగ్గరపడిందనీ, కవాతు సాధనకి పొద్దుటిపూట హాలు కావాలనీ, అందువల్ల వ్యాయామ తరగతి "ప్రస్తుతానికి" ఆపేస్తున్నామనీ ఆయన రాశారు. ప్రస్తుతానికి అంటే ఏమిటో ప్రభుత్వ పని చేసే మాకు తెలుసు. మా రెండో స్తంభం మూడేళ్లుగా ప్రస్తుతానికే ఆగి ఉంది.

తరగతే లేనప్పుడు దాన్ని అక్కడ ఉంచడానికి కారణం కనిపించడం లేదు. ఫలితం శూన్యమని మీరే రాశారు. దానికోసం మీరు ఆ మోకాళ్లతో మెట్లు దిగుతున్నారని చదివి నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఇంత కష్టం మీకెందుకండీ? మీకు నమ్మకం లేని పని మీ చేత చేయిస్తున్నాం.

మీ అబ్బాయికి సెలవు దొరికింది. సెప్టెంబరు పన్నెండున వచ్చి పిల్లని తీసుకొస్తారు. దయచేసి దాని బట్టలు సర్ది ఉంచండి. మీకు శ్రమ తప్పుతుంది.

కోడలు


ఆగస్టు 27

కోడలికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాద్దామని కూర్చునేసరికి రెండోది వచ్చింది. రెంటికీ కలిపి రాస్తున్నాను. బట్టలు సర్దలేదు. సర్దను.

నువ్వు చదువుకున్నదానివి, కొలతలు తీసేదానివి. "ఫలితం శూన్యం" అని రాస్తే అది జూలై ముగింపు నిల్వ. మొదటి నెల నిల్వ చూసి కొట్టు మూసేసేవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్ల ఖాతాలు తర్వాత నేనే రాశాను, ఎర్రసిరాతో. మెట్లు దిగుతున్నానని రాసింది నువ్వు జాలిపడడానికి కాదు, పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి. నా ఉత్తరాల్లో జాలి కోసం వెతికే అలవాటు నీకెప్పుడు పట్టుకుంది?

హెడ్మాస్టరు చీటీ నాకూ వచ్చింది. చదివిన పూటే వెళ్లాను. ఆయన గది చూడాల్సిందే. గోడనిండా కప్పులు, గెలిచిన పిల్లల ఫోటోలు. బల్ల మీద కవాతు పట్టీ, ఎవరు ముందు నడవాలి, ఎవరు జెండా పట్టాలి అని. నేను కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మేడం, ఎనిమిదిమంది పిల్లల కోసం ఆరొందలమంది సాధన ఆపలేం కదా. ముఖ్య అతిథి వస్తున్నారు."

"ఆ ఎనిమిదిమందీ కవాతులో ఎక్కడున్నారు?"

"వాళ్లని... ప్రేక్షకుల్లో కూర్చోబెడుతున్నాం. అడుగు తప్పితే వరస పాడవుతుందని."

"అయితే ముందు అడుగు నేర్పే తరగతి మూసేశారు, తర్వాత అడుగు తప్పుతారని కూర్చోబెట్టారు. ఈ లెక్క మీరే వేశారా, ఎవరిచేతైనా వేయించారా?"

నవ్వాడు. పెద్దమనుషులు ఆడవాళ్లని సాగనంపడానికి నవ్వే నవ్వు. సంచిలోంచి తాళంచెవి గుడ్డసంచి తీశాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే బల్ల మీదుగా ఆయన మీదకి విసిరాను. చేతులు రెండూ చప్పట్లు కొట్టినట్టు మూశాడు, సంచి వెళ్లిపోయాక. అది ఆయన భుజానికి తగిలి వెనక్కి పడి, బల్ల మీది మంచినీళ్ల గ్లాసుని దొర్లించింది. నీళ్లన్నీ కవాతు పట్టీ మీద.

"ఏంటండీ ఇది! చెప్పకుండా విసిరితే ఎలా పట్టుకుంటాను?"

"అదేనండీ నేనూ చెప్పొచ్చింది. మీ ఆటస్థలంలో వాళ్లమీదకి అన్నీ చెప్పకుండానే విసురుతారు, బంతీ, మాటా. పట్టుకోలేకపోతే ప్రేక్షకుల్లో కూర్చోబెడతారు. మీరు మాత్రం కుర్చీలోనే ఉన్నారు. మీకు కూడా వారానికి మూడు రోజులు ఆ తరగతి పెట్టిస్తాను, సంతకం ఎవరిచేత చేయించాలో చెప్పండి."

తలుపు బయట ఈలమ్మ నిలబడి ఉంది. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతున్నాయి. హాలు ఇవ్వడానికి ఆయనకి మనసొప్పలేదు. గ్రంథాలయం పక్క వరండా ఇచ్చాడు. ఎండ తగలదు, నేల చదునుగా ఉంది. మోకు అక్కడ పరిచినా నేలమీదే ఉంటుంది కదా. సోమవారం నుంచి మొదలు.

ఇక ఆగస్టు ఖాతా. మొదటి అంతస్తు మలుపు దగ్గర్నుంచి వేస్తే చాలావరకు పట్టుకుంటోంది. పోయిన మంగళవారం దానంతట అదే, "ఇవాళ బాల్కనీ నుంచి వెయ్యి నానమ్మా" అంది. వేశాను. రెండు చేతులతో గుండెకి అదిమి పట్టి, ఆ ఊపుకి దారిలోనే చతికిలబడింది. గౌను మట్టికొట్టుకుపోయింది. సంచి మాత్రం నేలకి తగల్లేదు. వీధిలో కూర్చునే పైకి చూసి, "నానమ్మా, కళ్లు తెరిచే ఉన్నాను!" అని అరిచింది. కింది వాటా ఆయన చప్పట్లు కొట్టాడు. గొళ్లెం తియ్యడం కన్నా అది సులువు కదా.

మర్నాడు మళ్లీ మురిక్కాలవ. అదీ రాయాలి, రాశాను. నేను "జాగ్రత్త" అనలేదు. నాలుక కొరుక్కున్నాను, ఇప్పటికీ నొప్పిగా ఉంది. అది తనే ఒక తీగముక్కతో తాళంచెవి పైకి లాగి, కుళాయి కింద కడిగి, "ఇంకోసారి వెయ్యి" అని సంచి నా చేతికే ఇవ్వడానికి రెండంతస్తులు ఎక్కి వచ్చింది. తాళం తీసుకుని పైకి వచ్చేశాక మళ్లీ విసరడం ఎందుకే అన్నాను. "పట్టుకోవడం అవలేదుగా" అంది. ఈ మొండితనం నీ వైపుది.

అది నాకు భయపడుతోందని బెంగపడ్డావు. నాకు భయపడనివాళ్లు మన ఇంట్లో ఎవరున్నారు? భయం ఉన్నా కింద నిలబడి చేతులు చాస్తోంది చూడు, అది రాసుకో. మీ రేకుల షెడ్డులో అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు. వాళ్లిద్దరూ పొద్దుటినుంచి చీకటిపడేదాకా నదిలో ఉంటారు. దానికి ఎదురుగా నిలబడి "ఇదిగో" అనేదెవరు? బరువు అన్నావు. బరువెంతో మోసేవాళ్లకి తెలుస్తుంది. నేనెక్కడైనా దించుతానన్నానా?

ఇక జరగవలసినవి:

1. పిల్ల ఈ బడి సంవత్సరం పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. దీని మీద అభిప్రాయాలు అక్కర్లేదు.

2. వరండా తరగతి ఆటల పోటీల తర్వాత కూడా ఆపకూడదని నువ్వు హెడ్మాస్టరుకి రాయి. నీ సంతకమే కావాలి. నాది చూస్తే ఆయన గ్లాసు దూరంగా జరుపుకుంటున్నాడు.

3. "మీకు శ్రమ" అనే మాట ఇకమీదట ఉత్తరాల్లో రాయకు. పోస్టు ఖర్చు దండగ.

4. మావాడు పన్నెండో తారీకున రావచ్చు, తీసుకుపోవడానికి కాదు, చూసి పోవడానికి. లేసులున్న బూట్లతో రావాలి. ముడి వాడే వేసుకోవాలి. ఎంతసేపు పట్టినా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, నువ్వు కూడా.

5. వచ్చాక కింద తలుపు దగ్గర నిలబడి పిలవమను. ఆ రోజు బాల్కనీ నుంచి తాళంచెవి విసిరేది నేను కాదు, బొంగరం. అది "ఇదిగో నాన్నా" అంటుంది, వాడు పైకి చూసేదాకా ఆగుతుంది. అప్పుడే వేస్తుంది.

6. వాడు పట్టుకోలేకపోతే ఎవరూ నవ్వకూడదు. నాకు మినహాయింపు.

అత్తయ్య